ట్రబుల్ ఎంత పెట్టాలి

లెక్కకు జవాబు ఒక్కటే ఉండాలి. దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్లో పిల్లలకు ఏళ్ల తరబడి నేను అరిచి చెప్పేది అదే. అలాంటి నేను గిటార్‌కు ఒక చిన్న సౌండ్ పెట్టె కొందామనుకుని, నెల తిరక్కుండానే ఏది తప్పో ఏది ఒప్పో తెలియని మనిషినైపోయాను.

గిటార్ మా సెంటర్లో ఫిజిక్స్ చెప్పే ప్రసన్నకుమార్‌ది. మోజు తీరి మూలన పడేస్తే నేను తీసుకున్నాను. అది ఎలక్ట్రిక్ గిటార్. పెట్టెకు తగిలించకపోతే దాని తీగ మీటినా, చీపురుపుల్ల విరిచినా ఒకటే చప్పుడు. ఆ పెట్టెను ఆంప్ అంటారట. చంపాపేట్‌లో మా అద్దె వాటాలోనూ, క్లాసుకూ క్లాసుకూ మధ్య సెంటర్లో ఖాళీ గదిలోనూ వాయించుకోవాలి కాబట్టి సంచిలో పట్టేది కావాలి, బ్యాటరీ మీద నడవాలి. ఇంతే నా కోరిక. వీడియోలు చూశాను. ఒకడు ఐదు వాట్లు చాలన్నాడు, ఇంకొకడు పది లేకపోతే దండగన్నాడు. ఒకడు బ్లూటూత్ ఉండి తీరాలన్నాడు, మరొకడు బ్లూటూత్ ఉన్నదాన్ని ముట్టుకోవద్దన్నాడు. ప్రసన్నకుమార్‌ను అడిగితే, "అసలు మీకు ఏ టోన్ కావాలి మేడం?" అని నన్నే ఎదురడిగాడు. టోన్ అంటే ఏమిటో తెలిస్తే నిన్నెందుకు అడుగుతానయ్యా! చెప్పేవాడికి వినేవాడు లోకువ అని ఊరికే అనలేదు.

ఒళ్లు మండి మా అన్నకు ఫోన్ చేశాను.

మా అన్న జనార్ధన్‌కు ఎల్బీనగర్‌లో సౌండ్ సిస్టం దుకాణం ఉంది. పెళ్లిళ్లకూ బారాత్‌లకూ వినాయకుడి మండపాలకూ పెట్టెలు, మైకులు కిరాయికి ఇస్తాడు. నల్లగొండ పక్క పల్లె నుంచి వట్టి చేతులతో వచ్చి, చెవిని నమ్ముకుని బతికాడు. సౌండ్ జనార్ధన్ అంటే ఆ చుట్టుపక్కల తెలియని వాళ్లు లేరు. నాన్న పోయాక నన్ను చదివించింది ఆ పెట్టెలే. అందుకే లోకం మొత్తం మీద గయ్యిమనే నేను అన్న ముందు మాత్రం పిల్లిని. ఆయన మాటకు ఎదురు చెప్పడం నాకు చేతకాదు.

ఈమధ్య అన్నకు రోజులు బాగాలేవు. తుర్కయంజాల్‌లో కమలాకర్ గారి ఫంక్షన్ హాల్‌కు మొదటి నుంచీ సౌండ్ అన్నదే. పోయిన పెళ్లిళ్ల సీజన్లో వాళ్లు వేరేవాళ్లను పిలిచారు. జనార్ధన్ పెడితే చెవులు చిల్లులు పడుతున్నాయని అన్నారట. ఆ మాట విని నేను తిట్టని తిట్టు లేదు. చివరికి వదినె పోయి బతిమాలితే, కమలాకర్ గారు వచ్చే శుక్రవారం వాళ్లమ్మాయి నిశ్చితార్థానికి అన్ననే పెట్టమన్నారు. బాగుంటే హాల్ మళ్లీ అన్నది. బాగా లేకపోతే ఇక పిలవరు, ఆ హాల్ లేకుండా దుకాణం నిలబడదు.

ఇంత పరేషాన్‌లో ఉన్న మనిషి నా సరదా కోసం ఎక్కడ వస్తాడులే అనుకున్నాను. "ఆదివారం ఒస్తా. నేనొచ్చేదాక ఏం కొనకు" అన్నాడు.

దిల్‌సుఖ్‌నగర్ మెట్రో స్టేషన్ దగ్గర, చెప్పుల దుకాణం మేడ మీద ఉంది ఆ షాపు. నడిపేది మృదుల అనే అమ్మాయి. గుంటూరు వైపు నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడ్డ కుటుంబం. టిఫిన్ డబ్బా అంత పెట్టెను తెచ్చి మా ముందు పెట్టింది.

"ఎన్ని వాట్లమ్మా?" అన్నాడు అన్న.

"ఐదండీ."

అన్న పగలబడి నవ్వాడు. "జీరో బల్బుకు గూడ గింతకన్న ఎక్కువుంటయి గద!"

"ప్రాక్టీసుకి చాలండీ. ఇంట్లోవాళ్లు పారిపోకుండా ఉండాలి కదా" అంది మృదుల.

గిటార్ తగిలించి, నాకు వచ్చిన ఒక్క ముక్కా వాయించాను. ఒక్కో తీగ విడివిడిగా, శుభ్రంగా పలికింది. నా వేళ్ల నుంచే వచ్చిందా ఇది అని మురిసిపోయాను. అన్న మాత్రం తల ఒక పక్కకు వంచి విన్నాడు. "గొంగడి కప్పినట్టుంది. దీంట్ల ట్రబుల్ లేదు" అన్నాడు.

"ట్రబుల్ లేకుంటె మంచిదే గదన్నా! తీసుకుందామా?"

అన్న తల కొట్టుకున్నాడు. మృదుల నవ్వు ఆపుకుంటూ చెప్పింది: "అది ట్రెబుల్ మేడం. అంటే సన్నటి శబ్దం, ఈ నాబ్ తిప్పితే పెరుగుతుంది. సౌండ్ వాళ్లందరూ దాన్ని ట్రబులనే అంటారు." ట్రబుల్ లేకపోవడమే ట్రబుల్ అన్నమాట. లెక్కల్లో కూడా ఇంత తిరకాసు చూడలేదు.

రెండో పెట్టె వచ్చింది. అదీ గొంగడే అన్నాడు అన్న. మూడోది ఇంకో కంపెనీది, కాస్త పెద్దది. దానికీ అదే మాట. మృదుల నాబ్ పెంచింది. "ఇంక" అన్నాడు. ఇంకా పెంచింది. "ఇంక, ఇంక" అంటూ చివరికి తనే చేయి పెట్టి మొత్తం తిప్పేశాడు. నేను తీగ మీటేసరికి పళ్ల సందుల్లో సూది గుచ్చినట్టయింది. అటు పక్కన డ్రమ్ములు చూసుకుంటున్న పెద్దాయన ఉలిక్కిపడి మావైపు తిరిగాడు.

"ఎట్లుంది?" అన్నాడు అన్న, నా మొఖంలోకి చూస్తూ.

"బాగుందన్నా" అన్నాను.

ఏమనమంటారు? పెట్టెల మధ్యే తల నెరిసిన మనిషి ఆయన. నేను నిన్నగాక మొన్న గిటార్ పట్టినదాన్ని. కాకరకాయ మొదటిసారి తిన్నవాళ్లకు చేదే కదా తెలిసేది, మంచి సౌండ్ కూడా అలవాటు లేని చెవికి ఇలాగే గుచ్చుకుంటుందేమో అనుకున్నాను. మొదటి పెట్టె నాకెందుకు నచ్చిందో, మూడోది ఎందుకు నచ్చలేదో అర్థం కాక నా చెవుల మీదే నాకు నమ్మకం పోయింది. అన్న ప్రతి పెట్టెకూ "ఎట్లుంది?" అంటూ నా మొఖమే చూస్తున్నాడు. నేను పిల్లలను బోర్డు దగ్గర నిలబెట్టి చూస్తానే, అలా. పరీక్ష పెడుతున్నాడనుకుని ప్రతిసారీ బాగుందనే అన్నాను.

అంతలో కరెంటు పోయింది. ఫ్యాన్ ఆగింది కానీ పెట్టె పలుకుతూనే ఉంది. "చూసినవా, బ్యాటరీది గిందుకే మంచిది" అని అన్న సంబరపడ్డాడు. కౌంటర్ కింద కంప్యూటర్ బ్యాటరీ కీక్, కీక్ మంటూ సన్నగా కూయడం మొదలుపెట్టింది. నేను చెవులు మూసుకున్నాను.

"అబ్బ, ఈ కూత ఒకటి!" అంటూ మృదుల దాన్ని ఆపడానికి అటు వెళ్లింది.

"ఏం కూత?" అన్నాడు అన్న.

కీక్, కీక్ మంటూనే ఉంది. అన్న నావైపు తిరిగాడు. "ఏం కూత చెల్లె?"

మూడు పెట్టెలు, మూడు రకాలు. ఫిర్యాదు ఒకటే. మూడు లెక్కల్లోనూ మారనిది ఒక్కటే ఉంది. అది అన్న చెవి. తుర్కయంజాల్ వాళ్లు అన్నది అబద్ధం కాదు. శుక్రవారం మా అన్న తన చెవిని నమ్మి నాబ్ మొత్తం తిప్పేస్తాడు, నిశ్చితార్థానికి వచ్చిన వాళ్లంతా చెవులు మూసుకుంటారు.

"చాయ్ తాగొద్దామన్నా" అని కిందికి తీసుకెళ్లాను.

మెట్రో పిల్లర్ పక్కన నిలబడి చాయ్ చేతిలో పట్టుకున్నాను. మింగలేను, కక్కలేను. సౌండ్ జనార్ధన్‌తో నీకు వినబడటం లేదని చెప్పడం ఎట్లా? చెప్పకుండా శుక్రవారం దాకా ఊరుకోవడం ఎట్లా?

"అన్నా, గా మూడో పెట్టె బాగలేదు" అన్నాను చివరికి. "ట్రబుల్ మొత్తం తిప్పినంక చెవులు కోసినట్టయింది."

"మరి బాగుందంటివి?"

"నువ్వు అడిగితివి. నీకు ఎదురు చెప్తనా?"

"మొదటిది ఎట్లుండె?"

"గదే మంచిగుండె. మంచిగ ఇనబడ్డది. కరెంట్ పోయినప్పుడు పైన కీక్ కీక్ అని ఒకటే మోత. నీకు ఇనబడలే అన్నా."

నాకే సౌండ్ నేర్పుతవా అని తిడతాడనుకున్నాను.

"తెల్సు" అన్నాడు.

నాకు ఏమీ అర్థం కాలేదు.

"ఎడమ చెవుల కీచురాయి కూసినట్టు ఒకటే గుయ్యిమంటది. మీ వదినె మాట్లాడ్తె మాట ఇనబడ్తది గని ఏమన్నదో తెలుస్తలేదు. పెట్టెలు పాతగైనయనుకున్న. కొత్తయి తెచ్చిన. గవ్వి గూడ గంతే."

"మరి ఎవ్వలినన్న అడగకపోయినవా?"

"అడగక? పనోళ్లను అడిగితే సూపరన్నా అంటరు. మీ వదినెను అడిగితే నీకు తెల్వనిదా అంటది. గందుకే నువ్వు పిలవంగనే ఒచ్చిన. నువ్వు టీచర్‌వి, తప్పుంటే తప్పని మొఖం మీద అంటవు. పొద్దుగాల నుంచి నేను పెట్టెను ఇంటలేను చెల్లె, నీ మొఖం చూస్తున్న. నువ్వు గూడ బాగుందనే అంటివి."

ఏడుపొచ్చింది నాకు. ఆయన నాకు పెట్టె ఏరిపెట్టడానికి రాలేదు. నా చెవులు అప్పడగడానికి వచ్చాడు, నోరు తెరిచి అడగడానికి సిగ్గుపడి. నేనేమో గౌరవం అనుకుని అందరూ ఇచ్చే మాటే ఇచ్చాను. అసలు కోపం రావలసింది కమలాకర్ గారి మీద కాదు, నా మీద.

"దవాఖానకు పోదామన్నా."

"పోదాం. శుక్రవారం ఎట్ల?"

"నేనొస్త. హాల్ల మంది నడుమ నిలబడ్త."

"నిలబడి?" అన్నాడు అన్న. "బాగుందంటవా?"

అన్న కప్పు పక్కన పెట్టి, నాకంటే ముందే మేడ మెట్లు ఎక్కాడు.

పైన కరెంటు వచ్చింది. అన్న మొదటి పెట్టెను తనే ముందుకు లాక్కుని, ట్రబుల్ నాబ్‌ను సున్నాకు తిప్పాడు. "నువ్వు కొట్టుకుంట ఉండు. నేను మెల్లగ పెంచుకుంట పోత. యాడ ఆపాల్నో చెప్పు."

నేను నా ఒక్క ముక్కా వాయించడం మొదలుపెట్టాను. మొదట్లో తీగలు ముద్దగా పలికాయి. అన్న వేళ్లు కదిలాయి. శబ్దం విచ్చుకుంది. ఇంకాస్త తిప్పాడు, ఇంకా బాగుంది. ఆయనకు మాత్రం అది గొంగడే, కళ్లు చూస్తే తెలుస్తోంది. ఆ కళ్లు నా మొఖం మీది నుంచి కదలడం లేదు. నాబ్ ఇంకా తిరుగుతోంది. తీగ చివర సన్నగా ఒక పదును లేచింది. అది పళ్లకు తగిలింది.

"బాగుందా?" అన్నాడు.

బాగుందన్నా అనే మాట అలవాటుగా నాలుక మీదికి వచ్చేసింది. ఆయన వేళ్లు ఇంకా తిప్పుతున్నాయి.

"చాలు! ఆపన్నా!" అని అరిచాను.

మృదుల చేతిలో వైరు జారిపడింది. పుట్టి బుద్ధెరిగాక అన్న మీద నేను గొంతెత్తింది అదే మొదటిసారి. అన్న చేయి ఎక్కడిది అక్కడే ఆగిపోయింది. తర్వాత నాబ్‌ను మళ్లీ సున్నాకు తిప్పాడు.

"ఇంకోసారి" అన్నాడు. "శుక్రవారం గూడ గిట్లనే ఒర్రు."