బిళ్ల వంతు

మీటరు మీద అయస్కాంతం పెడితే మీటరు ఆగిపోతుందని ఎమ్మిగనూరు నేతగాళ్ల కాలనీలో చివరి వీధివాళ్ల నమ్మకం. ఈ నమ్మకం పూర్తిగా నిరాధారమైనది కాదు. అల్యూమినియం చక్రం తిరిగే పాత మీటర్లలో బలమైన అయస్కాంతం ఆ చక్రానికి కళ్లెం వేస్తుంది. చక్రం నెమ్మదిస్తుంది, ఒక్కోసారి నిలిచిపోతుంది. ఆ వీధిలోని ఎనిమిది ఇళ్లకూ పాత మీటర్లే ఉన్నంతకాలం నమ్మకానికీ వాస్తవానికీ పేచీ రాలేదు. పేచీ దేవక్క ఇంటి దగ్గర మొదలైంది.

అయస్కాంతం ఒక్కటే. మైకుసెట్లు అద్దెకిచ్చే నరేష్ దాన్ని చెడిపోయిన పెద్ద స్పీకరు నుంచి ఊడదీసి తెచ్చాడు. నల్లగా, అరచేతి వెడల్పున, నడుమ చిల్లుతో ఉండేది. వీధిలో దాన్ని బిళ్ల అనేవారు. ఒక సాయంత్రం ఒక ఇంటికి, మర్నాటి సాయంత్రం పక్కింటికి, చివరి ఇంటి నుంచి మళ్లీ మొదటి ఇంటికి అది తిరిగేది. ఈ వంతును ఏర్పాటు చేసింది వీధికి పెద్దదైన తిమ్మమ్మ. షరతులూ ఆమెవే. బిళ్లను పళ్లెంలో పెట్టి, పసుపు గుడ్డ కప్పి, పైన తమలపాకులుంచి తీసుకుపోవాలి. ఎవరైనా అడిగితే వాయనమని చెప్పాలి. అంతకంటే ముఖ్యమైనది, తెచ్చిన మనిషే అవతలి ఇంటి మీటరు మీద, ఆ ఇంటి మనిషి చూస్తుండగా, తన చేత్తో బిళ్లను పెట్టాలి.

"అందరి సేతులూ పడాల. పడని సెయ్యే రేపు ఆపీసోళ్లకు దావ సూపిస్తాది" అని తిమ్మమ్మ కారణం చెప్పింది.

దేవక్కను వంతులో చేర్చేటప్పుడు కొంత వాదన జరిగింది. మొగుడు పోయిన మనిషికి వాయనం ఇవ్వరు గదా, పసుపు గుడ్డ కప్పిన పళ్లెం ఆ గడపలోకి పోతే చూసినవాళ్లు అనుమానించరా అని నరేష్ భార్య శోభ అడిగింది. దేవక్క పక్కింటి రేణుక నవ్వింది.

"లైన్‌మను మన వీధిలో ముత్తైదువల లెక్క రాసుకోనుంటాడా యేమి, శోభక్కా?"

"ఆమె ఇల్లు మీ ఇద్దరి ఇండ్లకూ నడిమధ్య ఉండాది" అంది తిమ్మమ్మ. "దాటుకోని పోతే ఆమె నోరు ఊరికుంటాదని ఏం నమ్మకం? సేర్చుకుందాం."

దేవక్కను చేర్చుకున్నది ఆ భయంతోనే. ఆ సంగతి దేవక్కకు తెలుసు.

నిజానికి ఆమెకు బిళ్లతో పనిలేదు. ఇంట్లో ఒక బల్బు, ఒక ఫ్యాను. మగ్గం కుటుంబాలకు ప్రభుత్వం ఇచ్చే ఉచిత యూనిట్లలో సగం కూడా ఆమె వాడేది కాదు. ఒకప్పుడు ఆ వీధి మగ్గాలన్నిటికీ కండెలు చుట్టింది ఆమే. ఆడవాళ్లు పొద్దున్నే నూలు చిలపలతో వచ్చి, కండెలు నిండేదాకా ఆమె అరుగు మీద కూర్చునేవారు. భర్త రామాంజనేయులు చనిపోయిన తరువాత కూడా ఆ రాకపోకలు తగ్గలేదు. మోటార్లు వచ్చాక తగ్గాయి. కుట్టుమిషను మోటారును రాట్నానికి బిగిస్తే ఎవరి కండెలు వారే చుట్టుకోవచ్చు. మోటారు కరెంటు తింటుంది. తిన్నదాన్ని మీటరుకు తెలియకుండా దాచడానికి బిళ్ల. వీధిలో ప్రతి ఇంటా రాట్నం దానంతటదే తిరగసాగింది. దేవక్క ఇంటికి రావలసిన అవసరం ఎవరికీ లేకపోయింది. ఆమె ఊరి రెండవ కొసకు నడిచి, అక్కడొక షావుకారు ఇంట్లో సంచి నిండా నూలు తెచ్చుకుని, చుట్టిన కండెలు తిరిగి అప్పగించి వచ్చేది. అక్కడి గుమాస్తా ఆమెతో ‘పెట్టు’ అనేవాడు, ‘తీసుకో’ అనేవాడు. మూడో మాట ఉండేది కాదు.

అందుచేత బిళ్ల వంతు ఆమె లెక్కలో కరెంటుకు సంబంధించిన విషయం కాదు. ఆ సాయంత్రం శోభ ఆమె ఇంటికి వచ్చేది. మర్నాటి సాయంత్రం ఆమె పళ్లెం పట్టుకుని రేణుక ఇంటికి పోయేది.

"వాయనం తెచ్చినా, పట్టు ముత్తైదువా!" అని శోభ గడపలోనే హాస్యమాడేది.

"ఇనప వాయనం ఇచ్చినోళ్లకు ఏ లోకం వస్తాదే?"

"లోకం సంగతి నాకు తెల్దుగానీ నెల బిల్లు మాత్రం తగ్గుతాది. జరుగు, పెట్టనీ."

"పెట్టి కూకో. బొరుగులు కలిపినా."

"ఆయప్ప అంగడి నుంచి వచ్చే పొద్దు అక్కా."

"రోంతసేపు కూకుంటే మీ ఆయప్ప అరిగిపోడులే."

శోభ కూర్చునేది. అత్తగారి నడుం నొప్పి, నరేష్ తాగిన రోజుల సంగతి, ఆదోని మార్కెట్టులో చూసిన చీరలు, అన్నీ చెప్పేది. దేవక్క మధ్యలో ఒక్క ప్రశ్న వేసి మాట తెగకుండా చూసుకునేది.

ఆ వానాకాలం గోడ చెమ్మకు దేవక్క పాత మీటరు కాలిపోయింది. దాని స్థానంలో కొత్తది బిగించారు. చక్రం లేదు, అంకెలు, వాటి కింద అప్పుడప్పుడు మెరిసే చిన్న ఎర్రదీపం. మీటరు పెట్టె ప్లాస్టిక్‌ది కనుక బిళ్ల దానికి అంటుకోలేదు. శోభ చీర పేలికతో కట్టింది.

"అంటుకోకుంటే ఏమాయ, పక్కన ఉంటే సాలు" అని తేల్చేసింది.

కొత్త మీటరు పెట్టిన తరువాతి నెల రీడింగు తీసే శామ్యూల్ వచ్చాడు. కాంట్రాక్టు మీద పనిచేసే మనిషి, హాలహర్వివాడు. చేతిలోని మిషను చూసి, ఇంట్లోకి తొంగిచూశాడు.

"పెద్దమ్మా, ఏసీ యేమన్నా పెట్టించినావా?"

"ఏసీనా నాయనా? ఆ ఫ్యానును సూడు. అది తిరిగేదానికంటే నేను ఈసనకర్రతో ఇసురుకునేదే ఎక్కువ."

శామ్యూల్ నవ్వలేదు. వీధివైపు ఒకసారి చూసి గొంతు తగ్గించాడు.

"మీటరుకు అయస్కాంతం పెడతాండారా?"

దేవక్క కొంగుతో మీటరు మీది దుమ్ము తుడిచింది.

"నాకు కేసులతో పనిలేదు. నీ మంచికి సెప్తాండా, ఇను. ఇది పాత చక్రం మీటరు కాదు. అయస్కాంతం తగిలితే దీనికి తెలిసిపోతాది. తెలిసిందంటే, ఈ లైను ఎంత కరెంటు మోయగలదో అంతా నువ్వే వాడినట్టు రాసుకుంటాది. గంటకు ఏడు యూనిట్లు. పైగా ఏ దినం పెట్టిండేది, ఎంతసేపు పెట్టిండేది, అన్నీ లోపల దాసిపెట్టుకుంటాది. ఆపీసోళ్లు వైరు తగిలించి సూస్తే బయటపడతాది."

"రోంతసేపు పెట్టినా?"

"సిటికెలో తీసినా రాసుకుంటాది. ఇంగ పెట్టొద్దు. అది తెచ్చేటోళ్లు ఎవరోగానీ, ఇంట్లోకి రానియ్యొద్దు."

అతను ఇచ్చిన బిల్లును దేవక్క కట్టలేదు. ఆమె కట్టగలిగే మొత్తం కాదది.

మరుసటి వంతు సాయంత్రం శోభ బిళ్ల కట్టి, కూర్చుని, మాట్లాడి, వెళ్లిపోయింది. దేవక్క రాట్నాన్ని మీటరు ఎదుటికి జరుపుకుంది. ఫ్యాను ఆపేసింది. బల్బు ఒక్కటే వెలుగుతోంది. ఎర్రదీపం ఆగకుండా మినుకుతోంది. ఒక మెరుపుకూ మరో మెరుపుకూ మధ్య రాట్నం ఒక చుట్టు కూడా తిరగలేదు. ఆమె పేలిక విప్పి బిళ్లను దూరంగా పొయ్యిగట్టు మీద పెట్టింది. మెరుపు ఆగింది. మళ్లీ మెరిసేసరికి కండె సగం నిండింది. మరోసారి కట్టి చూసింది, విప్పి చూసింది. శామ్యూల్ చెప్పిన మాట నిజం.

మర్నాడు పళ్లెం తీసుకుని రేణుక ఇంటికి వెళ్లి, రేణుక మీటరు మీద బిళ్ల పెట్టింది. ఇనప పెట్టెకు అది టక్కున అంటుకుంది. లోపలి చక్రం నెమ్మదించింది. దేవక్క దాన్నే చూస్తూ అంది:

"కొత్త మీటర్లకు ఇది పని సెయ్యదంట గదా, రేణుకా?"

రేణుక మోటారు ఆపి తలెత్తింది. "ఎవరు సెప్పిండేది?"

"ఎవరో సంతలో అనుకుంటాండ్రి."

"సంతలోవాళ్లకు మన బిళ్ల సంగతి ఎట్ల తెలిసె?"

"మన సంగతి కాదమ్మా, ఊరికే మీటర్ల గురించి..."

"నీకు పని సెయ్యలేదా, ఏమి? సెయ్యకుంటే సెప్పు. నీకు ఒక నడక తగ్గుతాది. శోభక్క నేరుగా నాకే తెచ్చిస్తాది. ఇప్పుడే పోయి సెప్పనా?"

"వద్దొద్దు" అంది దేవక్క. "నాకు బాగనే తగ్గింది."

ఆ తరువాత ఆమె మరెవరితోనూ ఆ ప్రస్తావన తేలేదు. శోభ వెళ్లిన వెంటనే బిళ్ల విప్పేసేది. శోభ ఉన్నంతసేపూ విప్పడం కుదరదు. శోభ ఎంతసేపు కూర్చుంటే మీటరు అంత రాసుకునేది. దేవక్క బొరుగుల్లోకి మునుపు ఉల్లిగడ్డ తరిగేది. ఇప్పుడు మిరపకాయ బజ్జీలు కూడా వేయసాగింది. బజ్జీల నూనె కాగడానికి సమయం పడుతుంది.

"దినదినానికీ నీ మర్యాదలు ఎక్కువైతాండాయి దేవక్కా" అంది శోభ ఒక సాయంత్రం. "నీ ఇంట్లో కూకుంటే లేయబుద్ధి కాదు."

"లేయమని ఎవరన్నారు?" అంది దేవక్క. ఆమె వీపు మీటరువైపు ఉంది.

అకస్మాత్తుగా పెరిగిన వాడకం, కట్టని బిల్లు రెండూ కలిసినచోటికి తనిఖీ వస్తుంది. దసరా దాటాక ఒక ఉదయం జీపు వచ్చి దేవక్క ఇంటి ముందు ఆగింది. వీధిలో మోటార్లు ఒకదాని వెంట ఒకటి ఆగిపోయాయి. ఆ పూట బిళ్ల తిమ్మమ్మ ఇంట్లో, జొన్నల గాదెలో ఉంది. తనిఖీ అధికారి మీటరుకు వైరు తగిలించి, కంప్యూటరు తెర మీద వచ్చినదాన్ని చాలాసేపు చదివాడు.

"అయస్కాంతం ఎక్కడమ్మా?"

"ఎల్లెల్సీ కాలవలో పారేసినా సార్."

"ఎవరిచ్చారు?"

"సంతలో కొంటి."

"నేను చాలా దొంగతనాలు చూశాను. దొంగిలించేవాళ్లు రోజూ దొంగిలిస్తారు. నువ్వు ఎనిమిది రోజులకొకసారి పెట్టావు. మొదట్లో రాత్రంతా, తరువాత గంటా గంటన్నరా. మిగతా ఏడు రోజులూ అది ఎక్కడుంది?"

"ఇంట్లోనే సార్. ఆ దినం మాత్రం పెట్టాలని బుద్ధి పుట్టేది."

అధికారి వాకిట్లోకి వచ్చి నిలబడ్డాడు. వరుసగా ఉన్న ఇళ్లను ఈ కొస నుంచి ఆ కొసకు చూశాడు. పక్కింటి తలుపు సందులో శోభ చీర అంచు కనిపిస్తోంది.

"చూడమ్మా. నీ వాడకం మామూలుగా ఉచితంలోనే పోయేది. నీకు దొంగతనం అవసరమే లేదు. ఎవరో నీ చేత చేయించారు. పేరు చెప్పు, కేసు లేకుండా చూస్తాను. మీటరూ ఉంటుంది."

దేవక్క కూడా ఇళ్లవైపు చూసింది.

"ఎవరూ రారు సార్ నా ఇంటికి" అంది. "ఎవరు సేపిస్తారు?"

అధికారి కాగితం రాశాడు. దేవక్క వేలిముద్ర వేసింది. వాళ్లు మీటరు ఊడదీసి సంచిలో వేసుకుని, స్తంభం దగ్గర వైరు కత్తిరించి వెళ్లిపోయారు.

ఆ సాయంత్రం ఏడు ఇళ్లవాళ్లూ వచ్చారు. గదిలో చోటు చాలక కొందరు అరుగు మీద కూర్చున్నారు. ఒకరు సద్దరొట్టెలు తెచ్చారు, ఒకరు వంకాయ కూర తెచ్చారు. తిమ్మమ్మ దేవక్క గడ్డం పట్టుకుంది.

"నీ నోరు బంగారమమ్మా. నిన్ను అనుమానించిన నా నోట్లో మన్ను పడ."

"మా ఇంటి దిక్కు సూసినాడక్కా ఆయప్ప!" అంది శోభ. "నా గుండె జారి కడుపులోకి పోయినట్టాయె."

నరేష్ గోడమీదుగా రేణుక ఇంటి నుంచి ఒక వైరు లాగి దేవక్క బల్బుకు కలిపాడు. ఫ్యానుకు కలపలేదు, లోడు ఎక్కువైతే బయటపడుతుందన్నాడు. వెలుగు రాగానే అందరూ చప్పట్లు కొట్టారు.

"స్విచ్చు మా ఇంట్లోనే పెట్టినాం" అని రేణుక చెప్పింది. "నువ్వు లేసే పనే లేదు. మాకు ఏసుకున్నప్పుడు నీకూ ఏస్తాం."

"బిళ్ల వంతు ఎట్ల మరి?" అని దేవక్క అడిగింది.

"మీటరు లేని ఇంటికి బిళ్ల దేనికమ్మా?" అంది తిమ్మమ్మ. "ఆ పీడ నీకు వదిలిందిలే."

"పళ్లెం ఈడికే తెమ్మను. ఈడి నుంచి రేణుకకు నేను తీసుకపోతా. నాకేం పని?"

తిమ్మమ్మ తల అడ్డంగా ఊపింది.

"వద్దు దేవక్కా. ఆపీసోళ్ల కన్ను పడిన ఇల్లు. మళ్లీ ఎప్పుడొస్తారో తెల్దు. కొన్నాళ్లు ఎవరూ ఈ గడప తొక్కకుండా ఉండేదే మేలు. నీకూ మేలు, మాకూ మేలు."

అందరూ ఒప్పుకున్నారు. గిన్నెలు తీసుకుని ఒక్కొక్కరే వెళ్లిపోయారు.

దేవక్క మీటరు పట్టుబడటానికి కారణాన్ని వీధి తరువాతి రోజుల్లో చర్చించింది. మొగుడు లేని ఇంటికి పసుపు పళ్లెం పోయినందువల్లే అలా జరిగిందని తీర్మానించారు. మిగతా ఏడు ఇళ్ల మీటర్లలో బిళ్ల పెట్టిన రోజున చక్రాలు మునుపటిలాగే నెమ్మదించాయి.

తరువాతి వంతులో శోభ పళ్లెంతో తన ఇంటి నుంచి బయలుదేరి, దేవక్క ఇంటిని దాటి, రేణుక ఇంటికి వెళ్లింది. మునిమాపు వేళకు రేణుక స్విచ్చు వేసింది; దేవక్క ఇంట్లో బల్బు వెలిగింది. అన్నాలు తిన్న తరువాత రేణుక స్విచ్చు ఆపింది, బల్బు ఆరింది. ఆ సాయంత్రం దేవక్క ఇంటికి ఎవరూ రాలేదు.