పదకొండు వేల అడుగులు

డ్రయ్యర్ తలుపు తీయగానే వేడిగాలి మొహానికి కొట్టింది. వసంతలక్ష్మి ఒక్క క్షణం కళ్లు మూసుకుని, రెండు చేతులూ లోపలికి పెట్టి పక్కదుప్పట్లను బండిలోకి లాగింది. ఉదయం ఏడు కావస్తోంది. అప్పటికే ఇది మూడో వాయి.

అమెరికాలో, ఫార్మింగ్టన్ హిల్స్‌లోని ఆ సీనియర్ హోమ్‌లో నూట పదిమంది ముసలివాళ్లున్నారు. వాళ్ల దుప్పట్లు, తువ్వాళ్లు, రాత్రి గౌన్లు అన్నీ ఈ బేస్‌మెంట్ గదికే వస్తాయి. ఎవరైనా పోతే వాళ్ల బట్టలన్నీ ఒకేసారి తెల్లసంచిలో వస్తాయి. సంచి మీద గది నంబరే ఉంటుంది, పేరుండదు. ఈ పొద్దున రెండు సంచులు వచ్చి గోడవారన ఉన్నాయి. ఆమె వాటివైపు చూడకుండా పని చేసుకుంటోంది.

అరవై ఒక్కేళ్ల మనిషి. పొట్టిగా, కాస్త ముందుకు వంగి ఉంటుంది. నీలం యూనిఫాం లోపలికి మంగళసూత్రం దోపుకుని, గాజులు జారకుండా మోచేతి దాకా ఎక్కించుకుంటుంది. సబ్బునీళ్లకు వేళ్ల చివర్లు పగిలాయి. నాలుగు మూలలా ఎలాస్టిక్ ఉన్న దుప్పటిని పుస్తకంలా మడతపెట్టడం ఆ గదిలో ఆమె ఒక్కదానికే చేతనవును. రెండేళ్ల కిందట గ్రీన్ కార్డు వచ్చిన నెలలోనే, ఎవరినీ అడక్కుండా ఈ ఉద్యోగంలో చేరింది. ఈ దేశం వచ్చాక తనంతట తాను చేసిన పని అదొక్కటే. ఒకరి దుప్పట్లు ఉతికే ఖర్మ నీకేంటని భర్త రాజారావు వారంపాటు సణిగాడు. ఆమె మానేయలేదు.

ఫోన్లు లాకర్‌లో పెట్టాలన్నది అక్కడి నియమం. ఈ రోజు మాత్రం ఫోన్ ఆమె యూనిఫాం జేబులో ఉంది.

స్కూళ్లకు వసంతకాలం సెలవులిచ్చారని కూతురు శ్రీవల్లి, అల్లుడు మానవ్, మనవరాలు ప్రణవి పెరూ దేశంలోని కుస్కో నగరానికి వెళ్లారు. రాజారావును కూడా తీసుకెళ్లారు. వసంతలక్ష్మికి సెలవు దొరకలేదు. దొరకలేదని అందరితో అంది గానీ రెండోసారి అడగనేలేదు. ఇంట్లో ఎవరూ కాఫీ అడగని వారం ఒకటి గడపాలని ఆమెకు లోలోపల ఆశగా ఉండింది. మొన్న మధ్యాహ్నం వాళ్లు అక్కడ దిగారు. ఊరే పదకొండు వేల అడుగుల ఎత్తున ఉందనీ, చుట్టూ ఇంకా ఎత్తు కొండలనీ ప్రణవి ఉత్సాహంగా చెప్పింది.

ఇవాళ తెల్లవారుజామున, తనను పనికి తీసుకెళ్లే కారు కోసం గుమ్మంలో నిలబడి ఉండగా రాజారావు ఫోన్ చేశాడు. అక్కడ ఇంకా నాలుగే. గొంతు తగ్గించి మాట్లాడాడు.

"పడుకుంటే ఊపిరి ఆడట్లేదే. కూర్చుంటే పర్లేదు. రాత్రంతా కుర్చీలోనే కూర్చున్నా."

శ్రీవల్లిని లేపమని ఆమె అంది.

"పిల్లకి చెప్పబాకు. ఏడేళ్లకి ఇప్పుడు సెలవు పెట్టి బయటికొచ్చింది. తెల్లారితే అదే సర్దుకుంటది."

మాటకీ మాటకీ మధ్య రెండుసార్లు దగ్గాడు. తడి దగ్గు.

మార్కాపురంలో ముప్పై నాలుగేళ్లు కరెంటు లైన్‌మన్‌గా చేసిన మనిషి అతను. గాలివాన వచ్చిన ప్రతిసారీ ఊరంతా తలుపులు వేసుకుంటే అతను స్తంభం ఎక్కేవాడు. ఆమె వీధి గుమ్మంలో కూర్చుని సైకిల్ చప్పుడు కోసం చెవులు రిక్కించేది. ఒకసారి నూట మూడు జ్వరంతో డ్యూటీకి బయల్దేరితే ఆపలేక, సబ్‌స్టేషన్ దాకా నడిచి వెళ్లి ఇంజనీరుగారికి చెప్పింది. ఆయన రాజారావును ఇంటికి పంపేశారు. పదిమందిలో తలవంపులు చేశావంటూ అతను నలభై రోజులు ఆమెతో మాట్లాడలేదు. వడ్డించిన కంచం ముందు కూర్చుని తినేసి లేచిపోయేవాడు. ఆ తర్వాత అతని మాట దాటి ఆమె ఎవరికీ ఏమీ చెప్పలేదు.

పదింటికి తువ్వాళ్ల బండి తోసుకుంటూ రెండో అంతస్తుకు వెళ్లింది. నర్సు గ్లోరియా మందుల ట్రే పట్టుకుని ఎదురొచ్చింది. వసంతలక్ష్మి బండి ఆపి, తనకు వచ్చిన నాలుగు మాటలూ కూడదీసుకుంది.

"మై హస్బెండ్. మౌంటెన్. స్లీపింగ్, నో బ్రెత్. సిట్టింగ్, ఓకే."

గ్లోరియా ట్రే కింద పెట్టింది. దగ్గు ఉందా, పెదాలు నీలంగా ఉన్నాయా అని అడిగింది. వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలని, ఇవాళే కిందికి దించాలని, రేపటిదాకా ఆగొద్దని నెమ్మదిగా, ఒక్కో మాటా విడదీసి చెప్పింది. ఆ మాటలు చెప్పేటప్పుడు ఆమె మొహంలో నవ్వు లేదు. వసంతలక్ష్మికి ఇంగ్లీషుకన్నా ఆ మొహమే ముందు అర్థమైంది.

మెట్ల కిందికి వెళ్లి కూతురికి ఫోన్ చేసింది. పొద్దున అతను చెప్పిందీ, నర్సు అన్నదీ అంతా ఒక్క ఊపిరిలో చెప్పేసింది. శ్రీవల్లి కంగారుపడింది. ఫోన్ అలాగే పట్టుకుని తండ్రి గదిలోకి వెళ్లి అడిగింది. అవతల అతని నవ్వు వినపడింది. మీ అమ్మకి అన్నిటికీ భయమే, కాస్త నిద్ర పట్టలేదన్నానంతే అంటున్నాడు. తర్వాత ఫోన్ అతని చేతికి వచ్చింది. కూతుర్ని బయటికి పంపినట్టున్నాడు, తలుపు మూసిన చప్పుడైంది.

"ఏం చెప్పానే నీకు?"

ఆమె ఫోన్‌ను చెవికి ఇంకా గట్టిగా ఆనించుకుంది.

"స్తంభాల మీదే బతికినోణ్ణి. ఈ కొండ నన్నేం జేస్తది? పిల్ల మొహం చూశావా నువ్వు? నా వల్ల ఆగాలా ఇదంతా?"

ఒక్కో మాటకీ ఆగి ఊపిరి తీసుకుంటున్నాడు. ఆ ఆగడం ఆమెకు స్పష్టంగా వినిపిస్తోంది.

"ఒకసారి డాక్టరుకి చూపించుకోండి," అంది.

"సాయంత్రం చూద్దాంలే," అని ఫోన్ కూతురికి ఇచ్చేశాడు.

నాన్న టీ తాగుతున్నాడనీ, ఇవాళ గదిలోనే విశ్రాంతిగా ఉంటానన్నాడనీ, సాయంత్రం డాక్టర్‌ని పిలిపిస్తామనీ శ్రీవల్లి చెప్పింది. ఇప్పుడే తీసుకెళ్లు, ఆయన మాట వినకు అన్న మాటలు వసంతలక్ష్మి నాలుక చివరిదాకా వచ్చాయి. భర్త పక్కనే ఉండి వింటున్నాడనిపించింది.

"సరేనమ్మా," అంది.

మళ్లీ కిందికి దిగి దుప్పట్లు మడతపెట్టింది. మూలకు మూల కలపబోతే రెండుసార్లు తప్పింది. గోడవారన ఉన్న సంచుల్లో ఒకదాన్ని ఎవరో తీసుకెళ్లారు. పన్నెండున్నరకు ప్రణవి ఫొటో పంపింది. కిటికీ దగ్గర కుర్చీలో ఉన్నిటోపీ పెట్టుకుని తాతయ్య, వెనక మబ్బు కమ్మిన కొండ. ఆమె రెండు వేళ్లతో ఫొటో పెద్దది చేసి పెదాలు చూసింది. నల్లగా ఉన్నాయి. అది కిటికీ నీడో మరొకటో ఎంత పెద్దది చేసినా తేలలేదు. ఇంకా పెద్దది చేస్తే మొహమే చెదిరిపోయింది.

మళ్లీ ఫోన్ చేసింది. శ్రీవల్లి ఎత్తలేదు. భర్త నంబరుకు చేస్తే మోగి మోగి ఆగిపోయింది. నిద్రపోతున్నాడేమో అనుకుంది. మరుక్షణమే గుర్తొచ్చింది. అతను పడుకోలేడు కదా.

మూడు దాటాక ఇంటికి చేరింది. మార్చి చివర అయినా వాకిట్లో మురికి మంచు ఇంకా గట్టిగానే ఉంది. తలుపు తీస్తుంటే ఫోన్ మోగింది. కూతురు ఏడుస్తోంది. మాటలు ముక్కలు ముక్కలుగా వచ్చాయి. ప్రణవిని తీసుకుని ఊరి కూడలి దాకా వెళ్లొచ్చామని, నాన్నే పంపాడని, గంటన్నర కూడా కాలేదని చెప్పింది. వచ్చేసరికి పలకలేదట. డాక్టరు వచ్చి చూసి వెళ్లాడట.

వసంతలక్ష్మి తాళంచెవి తలుపుకే వదిలేసి లోపలికి వచ్చింది. ఒక్క మాట అడిగింది.

"కూర్చునే ఉన్నారా?"

"కుర్చీలోనే అమ్మా. నువ్వు చెప్పావు. నేనే నాన్న మాట నమ్మాను."

"ఆయన మాట నేనూ విన్నానులే," అంది ఆమె.

అల్లుడు ఫోన్ తీసుకుని, మామయ్యగారిని తీసుకురావడానికి కాగితాలూ విమానమూ చూస్తున్నామని, రెండు మూడు రోజులు పట్టవచ్చని చెప్పాడు. శ్రీవల్లి దగ్గరుండమని, ఏమైనా తినిపించమని ఆమె చెప్పింది. ఫోన్ పెట్టేశాక బూట్లు విప్పి, వాటిని అలవాటుగా గోడవైపు సర్దింది. మోచేతి దాకా ఎక్కించిన గాజులు దించుకుంది. ఇంట్లో ఏ చప్పుడూ లేదు. ఆమె కోరుకున్న వారంలో ఇంకా నాలుగు రోజులున్నాయి.

నడవలో స్విచ్ వేసింది, వెలగలేదు. చెయ్యి చాచి తడుముకుంటూ నడిస్తే మోకాలికి ఏదో తగిలింది. మాడిపోయిన దీపం కింద, వచ్చాక బిగిస్తానని రాజారావు వేసి వెళ్లిన మూడు మెట్ల నిచ్చెన. పై మెట్టు మీద, అట్టపెట్టె మూత తీసి ఉంచిన కొత్త బల్బు.