విందు దగ్గర మిగిలిపోయిన పేరు

నేను ఒక కంప్యూటర్‌ని. ఏ కంపెనీ అని మాత్రం అడక్కండి, చెప్పుకోవడానికి నాకు ఇంటిపేరు లేదు. ఏలూరులో ఒక మేడమెట్ల కింది దుకాణంలో, ఎక్కడెక్కడో తయారైన ముక్కల్ని ఒకాయన స్క్రూడ్రైవర్‌తో కూర్చి నన్ను పుట్టించాడు. పేరున్న కంపెనీల వాళ్లు మాలాంటివాళ్లని ‘అసెంబుల్డ్’ అంటారు. ఆ మాట అనేటప్పుడు మూతి ఎటు తిప్పుతారో నాకు తెలుసు. అయినా పుట్టినరోజున నా గీర చూసి తీరాలి! నా జ్ఞాపకశక్తి గురించి దుకాణం ఆయన ఊదరగొడుతుంటే, ప్రపంచమంతా నాలో పట్టేస్తుందనుకున్నాను. ఇవాళ ఒక్క పెళ్లి ఫొటో తెరవమంటే నాకు ఆయాసం వస్తుంది.

నన్ను కొనుక్కున్నది నిడదవోలు భ్రమరాంబ గారు. పెళ్లి శుభలేఖలకి మేటర్ కొట్టడం ఆవిడ పని. పడుచుతనంలోనే తెలుగు టైపు నేర్చుకుని హయ్యర్ పాసైన మనిషి. వీరభద్రాచారి గారి ప్రెస్సు నుంచి చేతిరాత కాగితాలు వస్తాయి, ఆవిడ ఇంట్లో కూర్చుని కొట్టి పెన్‌డ్రైవ్‌లో పంపుతారు. ముందుగదిలో, కుట్టుమిషను పక్కన, కిటికీ దగ్గర నా చోటు. వచ్చిన రోజే నాకు పసుపు రాసి, కుంకుమ పెట్టి, హారతి ఇచ్చారు. అప్పటినుంచి ప్రతి దసరాకీ అదే మర్యాద. ఆ కుంకుమ కొంచెం కొంచెంగా నా సీడీ మూతలోకి రాలి, నాలుగో దసరాకల్లా అది తెరుచుకోవడం మానేసింది. భక్తితో పాడైన భాగం కాబట్టి ఎవరూ ఏమీ అనలేదు.

శుభలేఖల రహస్యం ఒకటి చెబుతాను, పెళ్లివాళ్లకి చెప్పకండి. ఏ శుభలేఖనీ ఎవరూ మొదటినుంచి కొట్టరు. పాత పెళ్లి మేటర్ తెరిచి, దానిమీదే కొత్త పేర్లు కొడతారు. నిడదవోలు చుట్టుపక్కల సగం కాపురాలు నాలోని ఒకే ఒక్క ఫైలు మీద మొదలయ్యాయి. వరుడు మారతాడు, వధువు మారుతుంది, కల్యాణమంటపం మారుతుంది. ‘సకుటుంబ సపరివార సమేతంగా’ మాత్రం చెక్కుచెదరదు. ఈ పద్ధతిలో గండమల్లా ఒకటే. ఎక్కడో ఒకచోట పాత పేరు మిగిలిపోతుంది. అందుకే భ్రమరాంబ గారు కొట్టిన ప్రతి మేటర్‌నీ కాగితం మీద ప్రూఫు తీసి, వేలు పెట్టి అక్షరం అక్షరం చదివేవారు. పదిహేడేళ్లలో ఒక్క పాత పేరు కూడా ప్రెస్సు గడప దాటలేదు. ఊళ్లో ఆవిడ పరువంతా ఆ వేలి మీదే నడిచింది.

ఆవిడ భర్త ప్రకాశం గారు రైసుమిల్లులో ఫిట్టరు. బెల్టు మారిస్తే తిరగని యంత్రం ఉండదని ఆయన నమ్మకం. నేను నెమ్మదించినప్పుడల్లా మూతపడ్డ ఇంటర్నెట్ సెంటర్లనుంచి ముక్కలు తెచ్చి నాలో పెట్టించేవారు. నా ఫ్యాను కొవ్వూరుది. పవర్ సప్లై తణుకుది. మెమరీ ముక్క ఎక్కడిదో దానికే గుర్తులేదు. “ఇంకో పదేళ్లు ఢోకా లేదు, ఇనుము చూడు ఎలాగుందో!” అని నా రేకు మీద అరచేత్తో చరిచేవారు. ఆ దెబ్బకి నేను ఆగిపోయేదాన్ని. చివరికి నాలో ఏలూరులో పుట్టినవి రేకు డబ్బా, హార్డ్ డిస్కు, అహంకారం మాత్రమే మిగిలాయి.

పొద్దున్నే బటన్ నొక్కి ఆవిడ పాలు కాచి, పూలు కోసి, ఇడ్లీపాత్ర దింపి వచ్చేసరికి గానీ నా తెర వెలిగేది కాదు. “లేచావా తల్లీ?” అనేవారు. లేచి ఊరుకునేదాన్నా? తెర మూలనుంచి చిన్న చిన్న నోటీసులు పైకి తోసేదాన్ని. వైరస్ మందు గడువు తీరిందనీ, ఇంకేదో కొత్తది దింపుకోమనీ, అన్నీ ఇంగ్లీషులో, రోజుకు ఇరవైసార్లు. ఆవిడ చెవి దగ్గర దోమని తోలినట్టు చూడకుండానే నొక్కేసేవారు. ఆవిడ తప్పేం లేదు. ఉత్తుత్తికే అరిచే నోరు నాది.

నేను వచ్చిన పదిహేడో ఏడు చైత్రంలో, శ్రీరామనవమి ముందురోజు, ప్రవల్లిక అనే అమ్మాయి పెళ్లి మేటర్ కొట్టారు. అంతకు నాలుగేళ్ల కిందటి సౌజన్య పెళ్లి ఫైలు తెరిచి, దానిమీద కొత్త పేర్లు పెట్టి, ప్రూఫు తీసి చదివారు. అట్టడుగున, విందు వరసలో ‘చి.ల.సౌ. సౌజన్య’ మిగిలిపోయి ఉంది. నాలిక కరుచుకుని, అక్కడ ప్రవల్లిక అని మార్చి, సేవ్ కొట్టి, మళ్లీ ప్రూఫు తీశారు. ఈసారి ముత్యంలా ఉంది. సాయంత్రం పెళ్లివాళ్లు వచ్చి, ఆ కాగితం చదివి, సంతకం పెట్టి వెళ్లారు.

ఇప్పుడు నా నిర్వాకం వినండి. ఆవిడ సేవ్ కొట్టిన మాట నిజం. నేను రాసుకోని మాటా నిజమే. నా డిస్కులో కొన్ని చోట్లు అప్పటికే చచ్చుబడ్డాయి. ఆ మార్పు సరిగ్గా అలాంటి చోట పడింది. ప్రూఫు తీసినప్పుడు పేరు ఇంకా నా నోటిమీదే ఉంది కాబట్టి కాగితం మీద ప్రవల్లిక వచ్చింది. లోపల డిస్కులో సౌజన్యే ఉండిపోయింది. చెప్పలేదా అంటే చెప్పాను! మూలనుంచి నోటీసు తోశాను, ఇంగ్లీషులో, రెప్పపాటు. ఆవిడ అలవాటుగా నొక్కేశారు. నేను హమ్మయ్య అనుకుని ఊరుకున్నాను.

మర్నాడు నాలో ఉన్న ఆ ఫైలే పెన్‌డ్రైవ్‌లో ప్రెస్సుకి వెళ్లింది. ప్రూఫు మీద సంతకం ఉంది కదా అని ఆచారి గారు మళ్లీ చదవకుండా అచ్చేశారు. కార్డుల నాలుగు మూలలా పసుపు రాసి, దేవుడి దగ్గర పెట్టి, పంచడం మొదలుపెట్టాక పెళ్లికొడుకు మేనత్త ఫోన్ చేసింది.

“ఏవండీ, పెళ్లి ప్రవల్లికతోనూ, విందు సౌజన్యతోనూనా? మావోడికి ఎంతమందండీ బాబూ?”

ఊరంతా విరగబడి నవ్వింది. అప్పటికే ఇద్దరు పిల్లల తల్లయిన సౌజన్య కూడా నవ్విందట. ప్రవల్లిక నాయనమ్మ మాత్రం అపశకునమని ఏడ్చింది. ఆ సాయంత్రమే ఆచారి గారు మా ఇంటికి వచ్చారు.

“కార్డులు మళ్లీ ఏసుకుంటాం చెల్లెమ్మా, దానికేంలే. పేరు సరిచేసి సేవ్ కొట్టడం మర్చిపోయావు. వయసు, ఏం చేత్తాం. జ్యేష్ఠం పెళ్లిళ్ల మేటర్లు రాజమండ్రిలో కొట్టించేత్తాను. నువ్వు రెస్టు తీసుకో.”

“నేను సేవ్ కొట్టానండి,” అన్నారు భ్రమరాంబ గారు.

“కొడితే ఎందుకు రాదమ్మా? మిషను అబద్ధమాడుతుందా?”

నా గుండె గుభేలుమంది. గుండె అంటే కొవ్వూరు ఫ్యాను. మిషను అబద్ధమాడదని ఈ మనుషులకి ఎవరు చెప్పారో! పదిహేడేళ్లు తప్పు చేయని మనిషి మాట నమ్మరు గానీ, రేకు మీద చరిస్తే ఆగిపోయే డబ్బాని నమ్ముతారు. అందులోనూ నన్ను!

ఆయన వెళ్లాక ప్రకాశం గారు ఓదార్చబోయారు. “పోనీలే భ్రమరా, మర్చిపోవడం ఎవరికైనా ఉండేదే.” ఆ మాటతో ఆవిడ పూర్తిగా కుంగిపోయారు. ‘కొట్టాను’ అన్న మనిషి, వారం తిరిగేసరికి ‘కొట్టాననే అనుకున్నాను’ అన్నారు. ఆ తర్వాతి వారానికి ‘కొట్టలేదేమో’ అన్నారు. గ్యాసు కట్టేశానా అని మూడుసార్లు వంటింట్లోకి వెళ్లి చూసుకునేవారు. వీధి తలుపు గడియ వేసి, మళ్లీ వెనక్కి వచ్చి లాగి చూసేవారు. నామీద పువ్వుల గుడ్డ కప్పేశారు. మూడు వారాలు ఒక్క అక్షరం కొట్టలేదు.

ఆ గుడ్డ కింద నాకు చచ్చేంత సిగ్గేసింది. తప్పు నాదని చెప్పడానికి నాకు నోరు లేదు. ఉన్నా చెప్పేదాన్ని కాదేమో, నిజం ఒప్పుకోవాలి. చెబితే పాత సామాన్ల కొట్టుకి పోతానని నా భయం నాది.

ఆవిడకి హుషారు రావాలంటే నన్ను బాగుచేయించాలని ప్రకాశం గారికి తోచింది. రిపేరు చేసే మస్తాన్‌వలీని వెంటబెట్టుకొచ్చారు.

“కొంచెం మెమరీ పెంచి, ఆ స్పీడు డిస్కేదో ఏత్తే సరిపోద్ది కదా?” అన్నారు.

మస్తాన్ నా రేకు విప్పి, లోపలికి తొంగిచూసి, ముక్కున వేలేసుకున్నాడు. “మెమరీ పెంచాలంటే బోర్డు మార్చాలన్నా. బోర్డు మారితే ప్రాసెసర్ మార్చాలి. అది మారితే మీ తణుకు పవర్ సప్లై సరిపోదు. అన్నీ మార్చాక మిగిలేది ఈ రేకు. దీన్ని బాగుచేయడమంటే కొత్తది కొని ఈ డబ్బాలో కుక్కడమే. దానికంటే కొత్తది తీసుకోండి.”

“డబ్బా బానే ఉంది కదయ్యా!” అన్నారు ప్రకాశం గారు.

నన్ను మెచ్చుకున్న చివరి మాట అదే. వంటింట్లోంచి భ్రమరాంబ గారి గొంతు వినిపించింది. “బాగుచేయడమూ వద్దు, కొత్తదీ వద్దు. పాడైంది కంప్యూటర్ కాదు, నేను.”

మస్తాన్ చేతిలోని స్క్రూడ్రైవర్ పక్కన పెట్టి నెమ్మదిగా అడిగాడు. “అక్కా, ఆ పేరు మార్చి సేవ్ కొట్టింది ఎప్పుడు?”

“శ్రీరామనవమి ముందురోజు. వీధిలో పందిరికి వెదుర్లు దింపుతున్నారు. పదకొండున్నర దాటింది, కుక్కరు మూడో కూత కూసింది. అన్నీ గుర్తున్నాయి, ఆ ఒక్కటే ఎలా మర్చిపోయానో.”

మస్తాన్ నన్ను వెలిగించి, నా డైరీ తెరవమన్నాడు. మాలో ప్రతిదానికీ ఒక డైరీ ఉంటుంది. ఎప్పుడు లేచాం, ఎప్పుడు పడ్డాం, ఏ పని చెడగొట్టాం, అన్నీ నిమిషాలతో సహా అందులో రాసుకుంటాం. మనుషులెవరూ చదవరు కాబట్టి అక్కడ అబద్ధం రాయాల్సిన పని లేదు. తెరవడానికి నాలుగు నిమిషాలు తీసుకున్నాను. కావాలని నాన్చానని మీరనుకోవచ్చు. కొంచెం నాన్చాను కూడా. మస్తాన్ వేలితో వరసలు దాటుకుంటూ వెళ్లి ఒకచోట ఆగాడు.

“అక్కా, ఒకసారి ఇటు రండి. అదే రోజు, పదకొండు ముప్ఫై నాలుగు. ఫైలు పేరు ప్రవల్లిక. సేవ్ చేయమన్నారు, డిస్కు మీద రాయలేకపోయాను, అని ఇదే రాసుకుంది. మీరు కొట్టారు. ఇది రాసుకోలేదు.”

ఆవిడ తడిచేతులతో వచ్చి నా ముందు నిలబడ్డారు. “మళ్లీ చదువు,” అన్నారు. చదివాడు. “ఇంకోసారి.” మళ్లీ చదివాడు. అప్పుడు కుట్టుమిషను స్టూలు మీద కూలబడి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చారు. ప్రకాశం గారు తల వంచుకుని, “నేనూ నమ్మలేదు భ్రమరా. తప్పయిపోయింది,” అన్నారు. మస్తాన్ నా డైరీ పేజీని సెల్‌ఫోన్‌తో ఫొటో తీసి ఆచారి గారికి పంపించాడు. నా జన్మలో నేను పనికొచ్చే నిజం చెప్పింది అదొక్కటే, అదీ నేను పాడైపోయానని!

ఆవిడ కళ్లు తుడుచుకుని నావైపు తిరిగారు. “దొంగముఖమా! మూడు వారాలు నన్ను గ్యాసు పొయ్యి చుట్టూ తిప్పావు కదే!” అని నా రేకు మీద ఫెడీమని ఒక్కటిచ్చారు. నేను ఆగిపోయాను. అంత సుఖంగా ఎప్పుడూ ఆగలేదు.

“పోనీ, డిస్కు ఒక్కటీ మారిస్తే...” అని ప్రకాశం గారు గొణిగారు.

“ఏవండీ, చాలు. కొత్తది కొందాం.”

మర్నాడు ఆచారి గారు జ్యేష్ఠం మేటర్ల కట్ట పట్టుకుని స్వయంగా వచ్చారు. క్షమించమని నోటితో అనలేదు గానీ, ఇచ్చిన కాఫీ వద్దనకుండా తాగి, రెండోసారి అడిగి మరీ పోయించుకున్నారు. ఆయన లెక్కలో అదే క్షమాపణ. నాలోంచి తీయగలిగిన ఫైళ్లన్నీ మస్తాన్ కొత్తదాంట్లోకి ఎక్కించాడు. ఆవిడ పెట్టిన షరతు ఒక్కటే, కీబోర్డు మాత్రం పాతదే ఉండాలని. దానిమీద అక్షరాలు ఎప్పుడో చెరిగిపోయాయి, అయినా ఆవిడ వేళ్లకి అవి కనిపిస్తాయి. చిన్న పిన్ను తగిలించి దాన్ని కొత్తదానికి కలిపారు. మా అందరిలోకీ పదవి దక్కింది దానికే.

నేనిప్పుడు మస్తాన్ దుకాణంలో ఉన్నాను. నా ఫ్యాను చాగల్లులో ఎవరికో వెళ్లింది. రేకు డబ్బాలో మరలు పోసుకున్నారు. మిగిలిన హార్డ్ డిస్కుని, అంటే నన్ను, బల్లమీద కాగితాలు ఎగిరిపోకుండా బరువు పెట్టారు. పదిహేడేళ్లలో మధ్యలో ఆగకుండా నేను చేస్తున్న మొదటి పని ఇదే.

మొన్న మధ్యాహ్నం భ్రమరాంబ గారు ఫోన్ చేశారు. చేతిలో పని ఉందని మస్తాన్ స్పీకర్ పెట్టాడు.

“మస్తానూ, ఇవాళ ఒక మేటర్ కొట్టాను. ప్రూఫు తీస్తే విందు దగ్గర పాత పెళ్లికూతురి పేరు అలాగే ఉంది.”

మస్తాన్ కంగారుపడ్డాడు. “అయ్యో, కొత్తది కూడా రాసుకోవట్లేదా అక్కా? వచ్చి చూడనా?”

“వద్దు వద్దు. అది శుభ్రంగా రాసుకుంటోంది. ఈసారి నేనే మర్చిపోయాను!” అని ఆవిడ పకపకా నవ్వారు. మూడు వారాలు ఆ మాటకే కుమిలిపోయిన మనిషి, ఇప్పుడు అదే మాట బహుమతి గెలిచినట్టు చెబుతున్నారు. నాకు కడుపు నిండిపోయింది.

“ఇంతకీ ఆ దొంగముఖం ఎలా ఉంది?” అన్నారు, ఫోన్ పెట్టేయబోతూ.

మస్తాన్ నావైపు చూశాడు. “బావుందక్కా. నా బల్లమీద కాగితాలు కాస్తోంది.”

“కాయనీ పాపం. ముఖ్యమైనవి మాత్రం దానికింద పెట్టకు.”