ముందు నడిమి సాంచాలు

మరాఠీ నేల మీది తెలుగు నేతవాళ్ళ వాడ దాజీ పేట్‌లో దత్తాత్రి తన కార్ఖానా పైఅంతస్తులోకి ఆరు కొత్త సాంచాలు ఎక్కించిన నాటి నుంచి కింద గదిలో సున్నం రాలడం మొదలైంది. సాంచా అంటే అక్కడివాళ్ళ మాటలో కరెంటు మగ్గం. ఇల్లు పాతది. గోడలు రాతివి గానీ పైఅంతస్తు నేల మాత్రం టేకు దూలాల మీద రాతి పలకలు పరిచి, సిమెంటు పూసింది. దాని కిందే, ముందుగదిలో, దత్తాత్రి భార్య బాలమణి వాడకట్టు ఆడవాళ్ళతో కూర్చుని బీడీలు చుట్టేది. పైన సాంచాలు ఆడుతున్నంతసేపూ చాటల్లోని తంబాకు మీద తెల్లటి పొడి పడుతూ ఉండేది.

"మీ కాకకు నువ్వన్న జెప్పు బిడ్డా," అంది బాలమణి ఒకసారి కోమల్‌తో. "నేను జెప్తె నీకేం దెల్సు అంటడు."

కోమల్ దత్తాత్రి అన్న కూతురు. ఇంజనీరింగ్ కాలేజీలో గణితం చెబుతుంది. కాగితం మీద తెగని అవకలన సమీకరణాలను కంప్యూటర్ మీద చిన్న చిన్న అడుగులుగా నడిపించి జవాబు రాబట్టడం ఆమె చెప్పే పాఠం. ఒక వస్తువు ఈ క్షణాన ఎక్కడుందో, ఎంత వేగంతో కదులుతోందో తెలిస్తే మరుక్షణం ఎక్కడుంటుందో లెక్క కట్టవచ్చు. దాన్ని పట్టుకుని ఆ తరువాతి క్షణానికి. అలా అడుగు మీద అడుగు.

ఆమె వెళ్ళి సున్నం సంగతి ఎత్తగానే దత్తాత్రి దాన్ని తన దారికి తిప్పుకున్నాడు.

"నువ్వే లెక్క జెయ్యి బిడ్డా. పాత ఇల్లు ఊగుతది, అది మామూలే. సాంచాల రఫ్తార్ ఎంతదాక పెంచొచ్చో చూసి జెప్పు. టవళ్ళ ఆర్డర్ మీద ఆర్డర్ వస్తున్నది."

కోమల్‌కు ఉత్సాహం వచ్చింది. పుస్తకాల్లోని లెక్క మొదటిసారి తన ఇంటి గడప తొక్కింది మరి. ఫోనును నేల మీద పెట్టి అదురును కొలిచింది. సాంచాల బరువులు, అవి నిలిచిన చోట్లు, దూలాల మందం అన్నీ రాసుకుంది. నేల ఊగే తీరుకు సమీకరణం కట్టింది. బట్ట ఎక్కువ రావాలి, అదురు మాత్రం హద్దు దాటకూడదు. అలాంటి వేగాన్ని వెతికి పెట్టమని కంప్యూటర్‌కు చెప్పింది.

ఆ వెతుకులాటలో చిక్కొకటి ఉంది. ప్రతి వేగానికీ నేల ఊపును మొదటి నుంచి చివరిదాకా నడిపి చూడాలి. అలా వేల సార్లు. ఆమె ల్యాప్‌టాప్ పాతది, రాత్రంతా నడిచినా తెమల్లేదు. దాంతో ఆమె కాలాన్ని పెద్ద పెద్ద అడుగులుగా కోసింది. ఎంత పెద్ద అడుగు వేసినా అంకెలు పేలిపోని పద్ధతి ఒకటుంది, బ్యాక్‌వర్డ్ ఆయిలర్. దాన్నే వాడింది. జవాబు తొందరగా, శుభ్రంగా వచ్చింది. వేగం బాగా పెంచవచ్చు. అదురు మొదట్లో కాస్త లేచి, తనంతట తనే అణిగిపోతుంది.

"ఏం గాదు కాకా," అని చెప్పింది. ఆ మాట దత్తాత్రి గల్లీ అంతా చెప్పుకున్నాడు. "మా కోమల్ లెక్క జేసింది. ఇంజనీర్ల కంటె ఎక్కువ చదివింది అది."

కొత్త వేగంతో సాంచాలు మొదలుపెట్టే రోజున కోమల్‌కు పదకొండింటికి క్లాసు ఉంది. క్లాసు అయ్యాక కార్ఖానాకు వచ్చి పాలకోవా పేడాలు తినిపొమ్మని కాక ఫోన్ చేశాడు. ఆమె నవ్వుతూ సరేనని క్లాసులోకి వెళ్ళింది.

ఆ రోజు పాఠం కూడా అదే పద్ధతి. తెర మీద లోలకం ఒకటి ఊగుతోంది. పెద్ద అడుగులతో నడిపించి, అంకెలు ఎంత నెమ్మదిగా, మర్యాదగా ఉన్నాయో చూపించింది. లోలకం ఊగి ఊగి చిన్నదై నిలిచిపోయింది.

నమ్రత అనే అమ్మాయి చెయ్యెత్తి మరాఠీలో అడిగింది. "మేడం, రాపిడి లెక్కలో వేయలేదు కదా. మరి లోలకం ఎందుకు ఆగింది?"

"మంచి ప్రశ్న," అంది కోమల్, ఎన్నోసార్లు చెప్పిన జవాబే కాబట్టి తడుముకోకుండా. "ఆగింది లోలకం కాదు. ఈ పద్ధతి అడుగడుగునా ఊపులోంచి కొంత శక్తిని తినేస్తుంది. అడుగు పెద్దదైన కొద్దీ ఎక్కువ తింటుంది. నిజం లోలకమైతే ఊగుతూనే..."

అక్కడ ఆమె మాట తెగిపోయింది.

పిల్లలు చూస్తున్నారు. సుద్దముక్క ఆమె చేతిలోనే ఉంది. తన లెక్కలో అదురు ఎందుకు అణిగిందో అప్పుడు ఆమెకు అర్థమైంది. అణిచింది దూలాలు కావు, గోడలు కావు. తాను తొందరకు ఎంచుకున్న పద్ధతి.

పిల్లలకు ఏదో అభ్యాసం ఇచ్చి, బల్ల దగ్గర కూర్చుని ల్యాప్‌టాప్ తెరిచింది. ఈసారి వెతుకులాట లేదు, ఒకే ఒక వేగం. తాను కాకకు చెప్పిన వేగం. శక్తిని తినని వేరే పద్ధతి తీసుకుంది, అడుగును చాలా చిన్నది చేసింది. గీత కిందికి వాలాల్సిన చోట మెల్లగా పైకి పోతోంది. అడుగును ఇంకా సగం చేసింది. అయినా పైకే. ఆ పాత నేలకు తనదైన ఊపు ఒకటి ఉంది. సాంచాల దెబ్బ దానితో కలిస్తే నేల అంతకంతకూ ఎక్కువ ఊగుతుంది. తాను చెప్పిన వేగం ఆ ఊపుకు కాస్తంత పైనే కూర్చుంది.

వెంటనే ఆపేస్తే? అదీ నడిపి చూసింది. ఆరు సాంచాలూ ఒక్కసారి ఆగితే, వేగం తగ్గుతూ తగ్గుతూ ఆరూ కలిసి నేల సొంత ఊపు మీదుగా దిగాలి. అక్కడ గీత తెర దాటి పోయింది.

ఆరూ ఒక్కసారి ఎందుకు ఆగుతాయి అనుకుంటుండగానే పొద్దున ఫోనులో చూసిన మెసేజీ గుర్తొచ్చింది. లైను మరమ్మతు ఉందని, దాజీ పేట్‌లో మధ్యాహ్నం పన్నెండింటికి కరెంటు తీస్తారని.

గడియారం చూసింది. పదకొండున్నర దాటింది.

కాకకు ఫోన్ చేస్తూ మెట్లు దిగింది. ఆయన ఎత్తలేదు. సాంచాల చప్పుడులో ఫోను ఎక్కడ వినపడుతుంది? చిన్నమ్మకు చేసింది. బాలమణి ఎత్తింది. వెనకాల పైకప్పు మోత ఫోనులోంచే వినిపించింది.

"చిన్నమ్మా, అందరు బయటికి పోండ్రి. ఇప్పుడే. లేవుండ్రి."

"ఏమైంది బిడ్డా? మీ కాక పైన పేడాలు పంచుతుండు..."

"నా లెక్క తప్పు చిన్నమ్మా. పైకప్పు మీద పడొచ్చు. దండం పెడ్త, లేవుండ్రి!"

"యల్లమ్మవ్వ మోకాళ్ళు పట్టుకున్నయి, జల్ది లేవది," అంది బాలమణి. "సరె. నువ్వు జూస్కుంట రా."

స్కూటీ మీద హోట్గి రోడ్ ఎలా దాటిందో కోమల్‌కు తరువాత గుర్తు లేదు. సిగ్నల్ దగ్గర ఎవరో తిట్టారు. దాజీ పేట్ గల్లీ మొదట్లో నూలు మూటల టెంపో అడ్డం నిలిచి ఉంది. స్కూటీని గోడకు ఆనించి వదిలేసి, టెంపోకూ గోడకూ మధ్య పక్కవాటుగా దూరి పరుగెత్తింది.

గల్లీలో ఆడవాళ్ళు కొందరు చాటలు చంకన పెట్టుకుని నిలబడి ఉన్నారు. వాళ్ళలో బాలమణి లేదు. గుమ్మంలోంచి చూస్తే, లోపల ఆమె ముసలి యల్లమ్మ చంకల కింద చేతులు వేసి లేపుతోంది. కాళ్ళకింది గడప రాయి సన్నగా వణుకుతోంది. కోమల్ వాళ్ళ వైపు ఒక అడుగు వేసింది.

"నేను దెస్త! నువ్వు మీదికి పో!" అని బాలమణి అరిచింది.

పైన దత్తాత్రి చేతిలో పేడాల డబ్బాతో ఉన్నాడు. మొహం వెలిగిపోతోంది. నేల అదురుతున్న సంగతి ఆయనకు తెలియక కాదు. అణుగుతుందని అన్న కూతురు చెప్పింది, అణుగుతుందని ఎదురు చూస్తున్నాడు. కోమల్ ఆయన భుజం పట్టుకుని చెవిలో అరిచింది.

"ఆపాలె కాకా! నేను తప్పు జెప్పిన!"

"ఏంది?"

"నా లెక్క తప్పు! ఈ నేల తట్టుకోదు!"

దత్తాత్రి మొహంలోని వెలుగు మెల్లగా పోయింది. "నువ్వే గద జెప్పినవ్! ఊరంత జెప్పుకున్న నేను! ఇప్పుడొచ్చి..."

సాంచాలు బిగించే జాబర్ సంతోష్ ఈ మాటలు విన్నాడు. ఆమె మొహం చూశాడు. ఇంకేమీ అడగకుండా గోడకున్న మెయిన్ స్విచ్ వైపు చెయ్యి చాచాడు.

"వద్దు!" అంటూ కోమల్ అతని చెయ్యి పట్టుకుంది. "మెయిన్ ముట్టొద్దు సంతోష్ భావూ! అన్ని ఒక్కసారి ఆగితె ఇంక ఎక్కువ ఊగుతది!"

"ఆపుమంటవ్, ఆపొద్దంటవ్, ఏంది నీ లొల్లి?" దత్తాత్రి డబ్బాను విసిరికొట్టాడు.

"ఒక్కొక్కటి ఆపాలె. బటన్ నొక్కితె బ్రేకు పడ్తది, ఠక్కున ఆగుతది. కరెంటు పోతె బ్రేకు పడది కాకా, అన్ని గల్సి మెల్లగ తిరుగుకుంట ఆగుతయి. పన్నెండుకు కరెంటు తీస్తున్నరు." ఆమెకు ఊపిరి అందలేదు. "చిన్నమ్మ ఇంక కిందనె ఉన్నది."

ఆ చివరి మాటతో దత్తాత్రి చెయ్యి లేచింది. సంతోష్ వైపు చూపి, ఆమె చెప్పినట్టు చెయ్యమని సైగ చేశాడు.

"ముందు నడిమి సాంచాలు," అంది కోమల్.

దూలాలు నడిమధ్యనే ఎక్కువ వంగుతాయి, అక్కడి సాంచాలే నేలను ఎక్కువ ఊపుతాయి. సంతోష్ నడిమి సాంచా ఎర్ర బటన్ నొక్కాడు. అది ఒక్క కుదుపుతో నిలిచిపోయింది. నేల కింద ఏదో ములిగింది. రెండోదాని వైపు అతను గెంతబోతే కోమల్ చెయ్యి అడ్డం పెట్టింది.

"ఆగు. నేలను జర సర్దుకోనీ."

ఆ నిలబడిన కొన్ని క్షణాలు ఆమెకు కొండంత బరువయ్యాయి. కాలి మడమల కింద అదురు కొద్దిగా పలచబడింది. ఆమె తలూపింది. రెండో నడిమి సాంచా ఆగింది. నేత పనివాళ్ళను మెట్లు దిగి పొమ్మంది. వాళ్ళు గోడ పట్టుకుంటూ దిగారు. కిటికీ పక్కది ఆగింది. దాని ఎదురుగా ఉన్నది ఆగింది. ఇక గోడల వారగా ఉన్నవి రెండు.

సంతోష్ అయిదోదాని బటన్ మీద వేలు పెట్టేలోపు పైన ఫ్యాను వేగం తగ్గింది. లైటు ఆరింది.

రెండు సాంచాలు మాత్రం తమ చక్రాల బరువుతో తిరుగుతూనే ఉన్నాయి. దడ్, దడ్ మంటూ దెబ్బలు ఒకదానికొకటి దూరమవుతున్నాయి. ఎక్కడో ఒకచోట ఆ దెబ్బ, నేల ఊపు ఒకటయ్యాయి. కాళ్ళ కింద అంతస్తు మొత్తం పడవలా లేచి కుంగింది. సంతోష్ మోకాళ్ళ మీద పడ్డాడు. దత్తాత్రి కోమల్‌ను గోడ వైపు లాక్కుని తన వీపు అడ్డం పెట్టాడు. కింద దూలం విరిగిన చప్పుడు, దాని వెంట రాయి పడిన చప్పుడు వినిపించాయి.

తరువాత రెండు సాంచాలూ ఆగాయి. అంతస్తు నిలిచింది.

"బాలా!" అని అరుస్తూ దత్తాత్రి మెట్లు దిగాడు. ఆయన తన భార్యను పేరు పెట్టి పిలవడం కోమల్ ఎప్పుడూ వినలేదు. కింది గది నిండా దుమ్ము. ఆడవాళ్ళు రోజూ కూర్చునే చోట పైకప్పు పలక ఒకటి రెండు ముక్కలై పడి ఉంది. దాని కింద బీడీ ఆకుల గంప నలిగిపోయింది. మనిషి లేదు.

బాలమణి ఎదురింటి అరుగు మీద ఉంది. యల్లమ్మను ఒళ్ళోకి ఆనించుకుని రొప్పుతోంది. మోచెయ్యి గీరుకుపోయి రక్తం కారుతోంది. యల్లమ్మ గుమ్మం వైపు చూస్తూ గొణుగుతోంది. "నా కత్తెర లోపలనె ఉండె. ఎవలన్న తెచ్చియ్యుండ్రి."

దత్తాత్రి భార్య పక్కన కూలబడ్డాడు. కోమల్‌ను చూసి, మెల్లగా అన్నాడు. "నువ్వు ఏం గాదన్నవ్. అందుకనె పెంచిన."

"అవ్ కాకా," అంది కోమల్.

ఆ తరువాత ఆయన ఆమెతో మాట్లాడలేదు. ఎదురుపడితే తల తిప్పుకునేవాడు. కోమల్ తండ్రి మధ్యలో కలగజేసుకోబోతే వద్దంది. తన లెక్కను మళ్ళీ మొదటి నుంచి చేసింది. ఈసారి తొందర పడలేదు. అడుగును సగం చేస్తూ, మళ్ళీ సగం చేస్తూ, ఇక జవాబు మారదని తేలేదాకా పోయింది. అదే లెక్కను రెండో పద్ధతిలోనూ చేసి పోల్చింది. రెండూ ఒకే మాట చెప్పాయి. ఆ నేలకు లాభసాటి వేగం ఏదీ లేదు. సాంచాలు అక్కడ ఉండకూడదు. దూలాలు చూడడానికి వచ్చిన ఇంజనీరు కూడా అదే అన్నాడు.

ఆ సంగతి ఇంకెవరితోనో చెప్పించకుండా తానే వెళ్ళి కాకకు చెప్పింది. ఆయన విన్నాడు. "నెల కింద జెప్పాల్సిన మాట," అని లోపలికి పోయాడు. కానీ మరునాడే సంతోష్‌ను పిలిపించి, గొలుసుల కప్పీతో సాంచాలు దింపే పని మొదలుపెట్టాడు. వెనక గదిలో నూలు మూటలు ఖాళీ చేయించి, మట్టి మీదే కాంక్రీటు దిమ్మెలు పోయించి, వాటి మీద బిగించారు. పైఅంతస్తుకు తాళం పడింది.

మళ్ళీ మొదలుపెట్టే రోజున సంతోష్‌తో కబురు వచ్చింది. కోమల్ కాలేజీకి సెలవు పెట్టి వెళ్ళింది.

దత్తాత్రి ఆమె మొహంలోకి చూడకుండా అడిగాడు. "సాంచాలు చాలూ జేసేటప్పుడు నువ్వేడ నిలబడ్తవ్?"

"ఈడనె కాకా. సాంచాల నడుమ."

ఆయన వచ్చి ఆమె పక్కన నిలబడ్డాడు. సంతోష్‌కు తలూపాడు. ఒకటి మొదలైంది. ఆగి, నేల మీద అరచెయ్యి ఆనించి చూశారు. ఆ తరువాత రెండోది.

బాలమణిని ఎంత పిలిచినా ఆ రోజు లోపలికి రాలేదు. ఎదురింటి అరుగు మీదే చాట పెట్టుకుని, సాంచాల చప్పుడు వింటూ, సాయంత్రం దాకా బీడీలు చుట్టింది.