నూలు దారం

ఎర్రబోరు రోడ్డు పక్కన లారీ పట్టాలు కుట్టే ఇంద్రాణికి మొగుడు మిగిల్చి పోయినవి రెండే, ఓ కుట్టుమిషను, ఓ మాట. పట్టాకి నూలు దారమే వెయ్యాలి, వానకి ఉబ్బి సూది కంతలు మూసుకుంటాయి. ఆయన పోయి ఆరేళ్లయినా ఆ మాట ఆవిడకి వేదమే.

ఈ వేసవి మొదట్లో గాలిదుమారం వచ్చి, కోసి అనే రైతమ్మ ఇంటి పెంకులు ఎగరగొట్టింది. లోపల అడ్డాకుల మూటల్లో ఆమెకి అత్త చేతి నుంచి వచ్చిన నల్లవడ్ల విత్తనాలున్నాయి. ఊరంతా సర్కారు విత్తనాలకు మళ్లాక ఆ గింజ మిగిలింది కోసి ఇంట్లోనే.

పట్టా ఎంపికలో ఇంద్రాణికి వంక పెట్టలేం. ఇంటి కప్పు మీద పరచడానికి కుట్టిమ్మని కోసి తెచ్చిన పల్చటి నీలం పట్టాను "ఒక్క ఎండాకాలానికే పొట్టు రాలినట్టు రాలతది" అని విసిరేసి, ఎంత ఎండకూ చెదరని మందపాటి నల్ల ముక్కలు రెండు తీసి జోడించింది.

"ప్లాస్టిక్ దారం ఎయ్యవా అక్కా? బజారాయన అదే ఆగుతదన్నడు," అంది కోసి.

"ఆయనకేం తెలుసే? మా ఆయన ముప్పై ఏండ్లు కుట్టిండు."

నూలుతోనే కుట్టిన పట్టా ఇంటి మీద పరిచి, ఎండలో నెలన్నర గడిచింది. తొలివానలు పడేనాటికి కోసి తల్లి చావుకని పుట్టింటికి పోయి ఉంది. నాలుగు రోజులకి తిరిగొచ్చి, తిన్నగా పట్టా, ఓ మూట మోసుకుని ఇంద్రాణి కొట్టు దగ్గరికి వచ్చింది. మూట విప్పితే ముక్కిన వాసన. వడ్లన్నీ మొలకలెత్తి, వేడెక్కి, బంకగా కుళ్లిపోయాయి.

ఇంద్రాణి పట్టా తిరగేసి చూసింది. గుడ్డకి చిన్న మచ్చ కూడా లేదు. నడిమి కుట్టు మాత్రం బారెడు నోరు తెరిచింది. దారాన్ని గోటితో గీరితే పిండయింది. మొగుడు కుట్టినవన్నీ వానల్లో పరిచి, ఎండల్లో మడిచి లోపల పెట్టే పట్టాలు. రోజూ ఎండలో పడి ఉంటే నూలు మాడి పొడైపోతుందన్న సంగతి ఇప్పుడు తట్టింది మహాతల్లికి, చేతులు కాలాక. సిగ్గుతో, భయంతో తల దించుకుంది.

"తప్పు నాదే కోసీ. తిట్టవే."

"తిడితే గింజ వస్తదా అక్కా?" కోసి కుళ్లిన వడ్లలో వేళ్లు పెట్టి చాలాసేపు కెలికింది. ఒక్కటీ గట్టిగా తగల్లేదు. "సచ్చిపోకముందు అమ్మ పిడికెడు అడిగింది, వాళ్ల చేన్ల ఎయ్యనీకి. వచ్చే ఏడు ఇస్త అన్న."

మూట అక్కడే వదిలేసి పట్టా ముందుకు తోసింది.

"మల్ల కుట్టియ్యి. సర్కారు విత్తులన్నా తడవకుండ ఉండాలె గద."