కర్రకు అవతల నాలుగు వేళ్లు

బట్టల బాబాయి చెప్పాపెట్టకుండా కొట్టు మూసేశాడు. తాళం చూడగానే నాకు ఒళ్లు మండింది. కుట్టుపని మొదలుపెట్టిన నాటి నుంచీ ఆయన దగ్గరే కొంటున్నానే, ఒక్క మాట చెబితే నోటి ముత్యాలు రాలిపోతాయా?

అదీ ఎలాంటి సమయంలో! మా అన్నయ్య భార్య, మా వదిన, రొమ్ముకు ఆపరేషన్ అయి ఇంటికొచ్చింది. ఎడమ చెయ్యి వాచిపోయింది. పాత కుర్తాలేవీ ఎక్కడం లేదు. అన్నయ్య చొక్కా ఒకటి భుజాన కప్పుకుని వెనకగదిలో గోడవైపు తిరిగి పడుకుంటోంది. ముందుగదిలో మిషను ఉంటుంది కదా, కొలతలివ్వడానికి నలుగురూ వస్తారని గడప దాటడం మానేసింది. ఆ మిషను మీద నాకు కుట్టు నేర్పిన మనిషి!

"ఒంటికి గుచ్చుకోనిది, ఈ చెయ్యి పట్టేది ఒక్కటి కుట్టవే, వస్తాను," అంది చివరికి.

ఇక కాళ్లరిగేలా తిరిగాను. అద్దాల కొట్టులో బట్టను ముట్టుకోనివ్వలేదు. ముట్టుకోకుండా కొనడానికి అదేమన్నా చందమామా? ఇంకో చోట "మెత్తగా ఉందక్కా" అంటూ ఒకడు ఏదో చేతిలో పెట్టాడు. మణికట్టు లోపలివైపు రుద్దుకుంటే చురుక్కుమంది. వాడికి నాలుగు చీవాట్లు పెట్టి బయటపడ్డాను. ఆఖరికి బస్టాండు వెనక సందులో, ఒకావిడ చిన్న కొట్టులో దొరికింది, నా వదినకు తగ్గ నూలుబట్ట. ఎప్పటిలాగే కుర్తాకు రెండు మీటర్లు అడిగాను.

తడిపి, ఆరేసి, కత్తిరించాను. చేతులకు మిగిలిన ముక్క ఎంత లాగినా చాల్లేదు. ఎలాగోలా సర్ది కుట్టి తొడిగితే మోచేతి దగ్గరే ఆగిపోయింది.

"నీ తప్పేం లేదులేవే. నా చెయ్యే మనిషి చెయ్యిలా లేదు," అని వదిన మళ్లీ గోడవైపు తిరిగిపోయింది. నా ప్రాణం ఉసూరుమంది.

చరచరా ఆ సందు కొట్టుకెళ్లి నోరు పారేసుకున్నాను. ఆవిడ విసుక్కోకుండా, నేను కొన్న తాను మీదే మీటరు కర్ర పెట్టి మళ్లీ కొలిచి చూపించింది.

"మీ కళ్లెదుటే కదమ్మా కొలిచాను. రెండంటే రెండే."

నిజమే. మరి ఇన్నేళ్లూ రెండు మీటర్లు ఎలా సరిపోయాయి? అడ్రసు కనుక్కుని బాబాయి ఇంటికే పోయాను. మోకాళ్లకు కట్లు కట్టుకుని కుర్చీలో కూర్చున్నాడు. విషయం విని పకపకా నవ్వాడు.

"నీకు నేను రెండు మీటర్లు ఎప్పుడిచ్చానే? తడిపితే కుంచించుకుపోతుంది, చాలదమ్మా అని మొదటిరోజే చెప్పాను. వింటే కదా! నా పనే నాకు నేర్పుతావా అని ఎగిరావు. అప్పట్నుంచీ మీటరు మీటరుకీ కర్రకు అవతల నాలుగు వేళ్లు వదిలి కోసేవాణ్ణి."

"మరి కొట్టు మూసేస్తున్నానని ఎందుకు చెప్పలేదు?"

"నువ్వొచ్చి ఏడిస్తే మూయగలనా?"

అప్పుడు ఏడ్చాను. ఆయన ముందే, ముక్కు చీదుకుంటూ ఏడ్చాను. ఎంత ముద్దుగా మోసం చేశాడు నన్ను!

"ఎవరికి కుడుతున్నావు?" అన్నాడు. చెప్పాను. నవ్వు ఆపేశాడు. "అయితే రెండున్నర తీసుకో. వాపు ఉన్న చేతికి గాలాడాలి."

సందు కొట్టావిడ నన్ను చూడగానే కర్ర చేతిలోకి తీసుకుంది, మళ్లీ గొడవకొచ్చానని. "రెండున్నర కొయ్యమ్మా," అన్నాను బుద్ధిగా.

ఈసారి చెయ్యి సాఫీగా దూరింది. వదిన గుండీలు తనే పెట్టుకుంది. అద్దంలో అటూ ఇటూ తిరిగి చూసుకుంది. చంక దగ్గర బట్ట రెండు వేళ్లతో పట్టి లాగి, మొహం చిట్లించింది.

"ఏంటే ఈ సంచి? నేను నేర్పింది ఇదేనా? చంక కింద ఇంత బట్ట వదులుతారా ఎవరైనా?"

ఆపరేషన్ అయ్యాక వదిన నన్ను తిట్టడం అదే మొదటిసారి.

"ఇది విప్పుతాను, మీ అన్నయ్య చొక్కా ఇలా పడెయ్యి. నీవల్ల కాదు గానీ నేనే సరిచేస్తాను," అని, ఆ చొక్కా కప్పుకుని, విప్పిన కుర్తా పట్టుకుని గడప దాటింది. ముందుగదిలో కొలతలివ్వడానికొచ్చిన ఇద్దరున్నారు. వాళ్లను పలకరించి, మిషను ముందు స్టూలు లాక్కుని కూర్చుంది.

"దారం ఎక్కించవే, చూస్తావేం?" అంది.