సిపాయి ఇంటి వంటగోడ

“రాయి కడిగావా?”

పెళ్ళయి ఇరవై మూడేళ్ళు. పొద్దున్నే మా ఆయన నోట వచ్చే మొదటి మాట ఇదే. రోడ్డు పక్కన, మా గేటు ముందు నిలబెట్టిన రాయి అది. ‘తొలితరం సిపాయి ఒకరు ఈ గృహమును స్వహస్తములతో నిర్మించి నివసించిరి’ అని చెక్కి ఉంటుంది. ఆ సిపాయి మా ఆయనకు ముత్తాత. బస్సుల దుమ్మూ కాకిరెట్టా నా వంతు, ఫొటోలు ఆయన వంతు. చూడ్డానికి ఎవరొచ్చినా రాయి పక్కన ఛాతీ విరుచుకుని నిలబడి, “ఏమేవ్, టీ!” అని లోపలికి కేకేస్తారు.

మంచాన పడ్డ అత్తగారికి ఒళ్ళు తుడుస్తుంటే, ఒకరోజు ఆవిడ నా చెయ్యి పట్టుకుంది. “స్వహస్తాలట, నా మొహం! పునాది తవ్వి యుద్ధానికి పోయిన మనిషి, మళ్ళీ గడప తొక్కితే ఒట్టు. గోడలు లేపింది ఆయన పెళ్ళాం, చంటిదాన్ని వీపున కట్టుకుని. వంటింటి గోడ తడిమి చూడు. మా అత్త నాకు చెప్పింది, నేను నీకు చెబుతున్నా. మగాళ్ళకి చెప్పి లాభం లేదే అమ్మాయ్.”

తడిమాను. పొయ్యి వెనక మట్టిపూత నిండా వేళ్ళ చాళ్ళు. మోకాలెత్తున బుల్లి అరచెయ్యి ఒకటి. కాసేపు కిందికి దించినప్పుడు చంటిది ఆనించి ఉంటుంది. ఆ తర్వాత, “ఊరికే కూర్చుని తింటున్నావ్, నీకేం తెలుసు కష్టం” అని ఆయన అన్నప్పుడల్లా వెళ్ళి ఆ చాళ్ళలో నా వేళ్ళు పెట్టుకుని నిలబడేదాన్ని. అచ్చంగా సరిపోయేవి.

ఆదివారం పెద్ద అధికారి ఒకాయన రాయికి దండ వేయడానికి వస్తాడని కబురొచ్చింది. వంటింటి గోడ గుంతలు గుంతలుగా ఉంది, సిమెంటు పూయిస్తానన్నారు మా ఆయన. మొదటిసారి నోరు విప్పి గోడ సంగతి చెప్పాను. పడీపడీ నవ్వారు. “వంటింట్లో చరిత్రేంటే, పిచ్చి మొద్దూ! సర్లే, చూద్దాం.”

చూద్దామన్నారు కదా అని నమ్మాను.

శనివారం పొద్దున బ్రష్షు చేతికిచ్చి, “ఒక్కో అక్షరం తోము, మెరవాలి” అన్నారు. ‘స్వహస్తములతో’ దగ్గర పాచి వదలడానికే గంట పట్టింది. నడుం పట్టుకుని లోపలికొచ్చేసరికి, పెరటి దారిన వచ్చిన మేస్త్రీ తాపీ కడుక్కుంటున్నాడు. గోడ నున్నగా, బూడిదరంగులో ఉంది.

“అద్దంలా వచ్చింది కదమ్మా!” అన్నాడు, పాపం.

“ముట్టుకోకే, ఇంకా తడి,” అన్నారు మా ఆయన.

ముట్టుకోలేదు. నా చెయ్యి ఎక్కడ పెట్టుకోవాలో తెలియక కొంగులో చుట్టుకున్నాను.

ఆదివారం అధికారి దండ వేసి, “రాయిని ఎంత శుభ్రంగా ఉంచారమ్మా!” అని మెచ్చుకున్నాడు.

“మా ఆవిడకి వేరే పనేముంది సార్?” అని నవ్వారు మా ఆయన.

“ఈ గోడలు లేపింది సిపాయి భార్యండీ,” అన్నాను. మా ఆయన నవ్వు ఆగిపోయింది. నా నవ్వా, ఆగడానికి అసలు మొదలైతేగా. “ఆవిడ వేళ్ళ గుర్తులు నిన్న పొద్దుటిదాకా వంటింటి గోడకి ఉండేవి. నేనిక్కడ కూర్చుని ఈ రాయి తోముతుంటే, లోపల పూడ్చేశారు.”